ఒకటి కొడితే తొక్కాలి, రెండు కొడితే వదలాలి

మా ఇంట్లో ఒక ఆవకాయ జాడీ ఉంది. అందులో ఆవకాయ లేదు. బోల్టులు, నట్లు, వాషర్లు, ఎక్కడివో తెలియని స్ప్రింగులు ఉన్నాయి. మా ఆయన మినీ ట్రాక్టరు విప్పి మళ్ళీ బిగించిన ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలేది. "ఇదేంటండీ, ఇది బయటే ఉండిపోయింది?" అని అడిగితే చేతులు గోనెపట్టాకి తుడుచుకుంటూ "కంపెనీవాడు ఎక్కువ పెట్టాడులే" అనేవారు. బండి మాత్రం నడిచేది. ఎలా నడిచేదో ఆ దేవుడికే తెలియాలి. ఆ మిగిలిన ముక్కను తీసుకెళ్ళి, మూత పగిలిన ఆ జాడీలో వేసేదాన్ని. "మీ బండి సగం నా జాడీలోనే ఉంది" అని దెప్పితే ఆయనకు అది మెచ్చుకోలులాగే వినపడేది.

ఆయన మెకానిక్కు కాదు. మిర్చి, పత్తి వేసుకునే రైతు. కొత్తలో బండిని బుద్ధిగా షోరూంకే తీసుకెళ్ళేవారు. అక్కడ ఆయన మనసు విరగ్గొట్టింది ఏ పెద్ద మోసమో కాదు, ఒక అద్దాల గది. బండి లోపలికి పోగానే ఈయన్ని ఆ గదిలో సోఫాలో కూర్చోబెట్టి, ఏసీ వేసి, టీవీ పెట్టి, టీ ఇచ్చారట. బండి ఎక్కడో వెనక షెడ్డులో ఉంది. చూడ్డానికి వెళ్తే "సార్, కస్టమర్లు ఇటు రాకూడదండి" అన్నారట. ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా మొదలుపెట్టారు.

"గొడ్డును పశువుల డాక్టరు దగ్గరికి తోలుకుపోతే పక్కనే నిలబడి పలుపు పట్టుకోమంటాడు గదా. వీళ్ళేందే, నన్ను టీవీ చూడమంటారు? నా బండిని లోపల ఏం చేశారో నాకు తెలవొద్దూ?"

అంతే. వారంటీ అయిపోయిన దగ్గర్నుంచి బండి మళ్ళీ షోరూం గడప తొక్కలేదు.

మా పక్క చేను రైతు ముస్లిం. మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. వాళ్ళిద్దరూ బావా అంటే బావా అనుకుంటారు, నన్ను చెల్లెమ్మా అంటాడు. ఆయనకూ ఇలాంటి మినీ ట్రాక్టరే ఉంది. చిన్న కిర్రుమన్న చప్పుడొచ్చినా షోరూంకి ఫోన్ చేస్తాడు. ఈ విషయం మీద వాళ్ళిద్దరికీ రోజూ గొడవే, రోజూ నవ్వులే.

"బావా, నీ ఎనకాల రావాలంటే భయంగా ఉందిరా. ఎప్పుడు ఏది ఊడి నా మీద పడుద్దో" అనేవాడు ఆయన.

"నీకేంలే, హారన్ మోగకపోయినా షోరూమే. రేపు నీకు తుమ్మొస్తే గుంటూరు పెద్దాసుపత్రిలో చేరతావా?" అనేవారు ఈయన.

నేను పక్క చేను ఆయన వైపే ఉండేదాన్ని. ఎందుకంటే ఈయన రిపేరు చేస్తే సగం పని నా నెత్తినే పడేది. మా ఇంటి ముందు చీమకుర్తి నుంచి తెచ్చి వేయించిన గ్రానైటు బండ ఒకటుంది. అంచు విరిగిందని క్వారీవాళ్ళు పక్కన పడేసిన పెద్ద పలక. దాని మీద బండి నిలిపి, ఎరువుల సంచి పరిచి, దాని మీద వెల్లకిలా పడుకుని మా ఆయన కిందికి జారేవారు. నేను పైన సీటు మీద. కింద చేతులు రెండూ పనిలో ఉంటాయి కాబట్టి టార్చిలైటు నోట్లో కరుచుకునేవారు. నోట్లో టార్చి ఉంటే మాట రాదు. అందుకని చేతిలోని పానాతో ఇనుము మీద కొట్టేవారు. ఒకటి కొడితే క్లచ్ తొక్కాలి. రెండు కొడితే వదలాలి. అంతే మా భాష.

ఒక రూలు మాత్రం గట్టిగా ఉండేది. రెండు కొట్టకుండా నేను కాలు తీయకూడదు. లోపల ఆయన వేళ్ళు ఏ సందులో ఉంటాయో పైనున్న నాకు కనపడదు. తొందరపడి వదిలానంటే నలిగిపోతాయి. ఒకసారి ఆయన కింద ఏదో ఆలోచనలో పడి రెండు కొట్టడం మరిచిపోయారు. నా కాలు వణుకుతోంది, తొడ పట్టేసింది, పొయ్యి మీద పప్పు మాడిన వాసన వస్తోంది. "ఏమండీ, బతికే ఉన్నారా కింద?" అని అరిచాను. టార్చి తీసి ఒకటే నవ్వు. "మర్చిపోయానే. అయినా తీసేయొచ్చుగా?" అన్నారు. "మీ వేళ్ళు తెగితే అన్నం నేను కలిపి పెట్టాలి" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

కింద ఏముందో నాకు తెలియదు కానీ పైన పెడల్ సంగతి మాత్రం నా కాలికి బాగా తెలుసు. తొక్కగానే మొదట కాస్త ఖాళీగా కిందికి పోవాలి, రెండు వేళ్ళ మందం అనుకోండి. ఆ తర్వాతే బరువు తగలాలి. ఆ ఖాళీ మరీ ఎక్కువైతే గేరు పడేటప్పుడు గరగరమంటుంది. అసలు లేకపోతే ఇంకా ప్రమాదం. మనం కాలు తీసినా క్లచ్ పూర్తిగా పట్టదు, జారుతూ జారుతూ ప్లేటు కాలిపోతుంది. పెడల్ కింద ఒక కడ్డీ, దానికో నట్టు. ఆ నట్టు తిప్పి ఆ ఖాళీని సరిచేయాలి. ఆయన తిప్పేవారు, నేను తొక్కి చూసి "ఇంకొంచెం... ఆఁ, ఇప్పుడు బాగుంది" అనేదాన్ని. నేను బాగుందన్నాకే పని అయిపోయినట్టు. చివర్లో మా అమ్మాయి బీరువాలో వదిలేసిన ఎర్ర గోళ్ళ రంగు తెచ్చి, నట్టు మీద నుంచి కడ్డీ మీదికి ఒక గీత గీసేవారు. నట్టు కదిలితే గీత విడిపోతుంది, వెంటనే తెలుస్తుంది. "నా గోళ్ళకు లేని సోకు మీ నట్లకు" అనేదాన్ని.

ఆ ఏడు దసరాకు బండి కడిగి, బొట్లు పెట్టి, పానాలన్నీ పళ్ళెంలో పేర్చి దండం పెట్టుకున్నాం. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. మిర్చి పూతకొచ్చే రోజులవి. ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటూ ఆయన చెంబు జారవిడిచారు. వంగి తీసుకోబోయి అటే ఒరిగిపోయారు. నేను పరుగెత్తి పట్టుకుంటే నా మొహం చూసి ఏదో చెప్పబోయారు. నోరు ఒక పక్కకు పోయింది, మాట రాలేదు. పక్క చేను ఆయన కారు మాట్లాడి ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా మా ఆయన ఎడమచెయ్యి నా చేతిని పట్టుకునే ఉంది. కుడిచెయ్యి నా ఒళ్ళో బరువుగా పడి ఉంది.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట దక్కలేదు. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "మందులు నేను రాస్తానమ్మా. కానీ ఎడమ చేతికైనా ఏదో ఒక పని చెప్తూ ఉండండి. నేను చేయగలను అనే నమ్మకం ఆయనకు పోతే మా చేతుల్లో ఏమీ ఉండదు." ఆ మాట నాకు అలాగే అతుక్కుపోయింది. మాత్రల వేళ ఎప్పుడైనా తప్పానేమో కానీ ఆ మాట తప్పలేదు.

ఇంటికొచ్చాక మంచం పక్కన ఒక పానా పెట్టాను. మంచం పట్టీ ఇనుపది. ఒకటి కొడితే ఔను, రెండు కొడితే వద్దు. మాకు ఆ భాష కొత్తది కాదు కదా. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. నేను కొంచెం గర్వంగా కూడా ఉండేదాన్ని. అప్పుడప్పుడు మాత్రం అవి తారుమారయ్యేవి. నీళ్ళు కావాలా అంటే రెండు కొట్టి, నేను గ్లాసు తీసుకుపోతుంటే చెయ్యి చాచేవారు. ఒక్కోసారి ఒకటి కొట్టడం మొదలుపెడితే ఆపేవారు కాదు, కాసేపాగి ఒకటి, మళ్ళీ ఒకటి. నేను పట్టించుకోలేదు. ఆయనకు ఏం కావాలో నాకు పానా చెప్పాలా ఏమిటి?

చేను ఆగదు. మిర్చికి నల్ల తామరపురుగు పట్టింది. పూత లోపల దూరి పీల్చేస్తుంది. మందు కొట్టడం వెనకబడితే ఇక ఆకు ముడుచుకుపోయిన మొక్కలే మిగులుతాయి. బండి వెనక స్ప్రేయరు తగిలించుకుని నేనే తోలడం మొదలుపెట్టాను. మా చేలో సాళ్ళ మధ్య బండి పోవడానికి దారి వదిలే నాటాం. చీర మీద ఆయన చొక్కా వేసుకుని, మొహానికి తుండు కట్టుకుని తోలుతుంటే రోడ్డు మీద గ్రానైటు లారీల డ్రైవర్లు వంగి చూసేవాళ్ళు. చూస్తే చూడనీ అనుకున్నాను.

కొన్నాళ్ళకు గేరు వేస్తుంటే గరగర మొదలైంది. పెడల్ సగం దాకా ఖాళీగా పోతోంది. నా కాలికి వెంటనే అర్థమైంది, కడ్డీ కొంచెం బిగించాలి. పక్క చేను ఆయనకు చెప్పాను.

"చెల్లెమ్మా, ఇప్పుడైనా నా మాట విను. షోరూంకి ఫోన్ చేత్తా. ఆళ్ళే వచ్చి చూసుకుంటారు. ఈ టయంలో నీకీ తిప్పలన్నీ ఎందుకు?"

నిజానికి నాకూ అదే సబబనిపించింది. అమ్మాయి కూడా ఫోన్లో అదే అంది. ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని చెప్పాను. "ఏమండీ, క్లచ్ వదులైంది. షోరూం వాళ్ళని రమ్మంటున్నాను." ఆయన నా వైపు చూశారు. కోపం వస్తే బాగుండేది. కోపం రాలేదు. మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఎడమచెయ్యి పానా కోసం దుప్పటి మీద వెతుక్కుంది. దొరికాక మంచం పట్టీ మీద రెండు కొట్టారు. తర్వాత వాకిట్లోని బండి వైపు చూపించి, ఆ పానా తీసుకెళ్ళి తన గుండెకు ఆనించుకున్నారు.

నేను షోరూంకి ఫోన్ చేయలేదు.

మర్నాడు పొద్దున్నే పక్క చేను ఆయనా నేనూ కలిసి ఆయన్ని ఎత్తి బండి సీటు మీద కూర్చోబెట్టాం. చిన్న బండి కాబట్టి అంత ఎత్తేం కాదు. జారకుండా నడుముకు తుండు కట్టాం. క్లచ్ ఎడమ వైపే కదా ఉండేది. ఆయన ఎడమ కాలు బాగానే పనిచేస్తోంది. కాలు పెడల్ మీద పెట్టి, ఎడమ చేత్తో పానా పట్టుకున్నారు. ఇన్నేళ్ళూ నేను కూర్చున్న చోట ఆయన, ఆయన పడుకున్న చోట నేను. గ్రానైటు బండ మీద ఎరువుల సంచి పరుచుకుని కిందికి జారాను. టార్చి నోట్లో పెట్టుకుంటే గ్రీజు వాసన, పాత ఉప్పు రుచి. ఇదా ఈయన ఇన్నేళ్ళు కరుచుకున్నది అనుకుంటే నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

పైన తొక్కేది, కొట్టేది ఆయనే. అందుకని భాష కాస్త మార్చుకున్నాం. ఒకటి కొడితే నేను బిగించాలి, రెండు కొడితే వదులు చేయాలి. ఆయన తొక్కి చూశారు. ఒకటి కొట్టారు. నేను తిప్పాను. మళ్ళీ తొక్కారు, ఒకటి. మళ్ళీ తిప్పాను. ఇక్కడికి చాలని నా కళ్ళకు తెలుస్తోంది. కడ్డీలో ఖాళీ సరిగ్గా ఉండాల్సినంత ఉంది. ఆయన మళ్ళీ ఒకటి కొట్టారు. తిప్పాను. మళ్ళీ ఒకటి.

టార్చి తీసి "ఏమండీ, సరిపోయిందేమో?" అన్నాను.

ఒకటి.

కిందనుంచి తల పక్కకు వంచి పైకి చూశాను. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. కళ్ళు చిట్లించి, చెవి ఒగ్గి, పెడల్ లోపల ఏదో వింటున్నట్టున్నారు. పక్క చేను ఆయన కూడా బండికి ఆనుకుని "శభాష్ రా బావా" అంటున్నాడు. ఆయనకు కింద ఏం జరుగుతోందో తెలియదు.

నాకు తెలుసు. ఖాళీ అన్నది లేకుండా పోయింది. మంచం మీద లాగే ఆయన చెయ్యి ఆ ఒకటి దగ్గరే చిక్కుకుపోయి, ఆపలేక కొడుతోంది, అంతే. ఇక్కడ నేను "కాదండీ, మీరు తప్పు కొడుతున్నారు" అనాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన్ని కాదనడానికి నేను ఎప్పుడూ వెనకాడిన మనిషిని కాదు. కూర దగ్గర్నుంచి విత్తనం దాకా అన్నిటికీ అడ్డం పడ్డదాన్నే. ఆ ఒక్క మాట మాత్రం నా నోట్లోంచి రాలేదు. ఆయన కొట్టారు, నేను తిప్పాను. నట్టు బిగించాను.

ఆయన్ని దింపి బండి పక్కన పీట మీద కూర్చోబెడితే వేళ్ళతో గీత గీసినట్టు సైగ చేశారు. గోళ్ళ రంగు తెచ్చి మూత తీసి ఇచ్చాను. ఎడమ చేత్తో, వణుకుతూ, ఆయనే గీత గీశారు. వంకరగా వచ్చింది, నట్టు మీద నుంచి పక్కకు కారింది. ఆ పూట తన అన్నం తనే తిన్నారు. సగం ఒళ్ళో పోసుకుని, నేను చెయ్యి పెట్టబోతే తోసేసి, ఎడమ చేత్తో మొదటిసారి పళ్ళెం ఖాళీ చేశారు.

తెల్లారి చేలోకి వెళ్ళాక చేసిన పని ఇది. దారి మీద ఎవరూ లేకుండా చూసి, పానా పట్టుకుని బండి కిందికి దూరాను. నట్టు వదులు చేసి సరిపెట్టేద్దామని. చేతకాని పనేం కాదు. ఎదురుగా ఆ ఎర్ర గీత. నట్టు కదిలిస్తే అది విడిపోతుంది. మళ్ళీ నేనే రంగు వేసుకోవచ్చు కదా అని కూడా ఆలోచించాను. అంత వంకర గీత నేను ఎక్కడ గీయగలను? సాయంత్రం బండి ఇంటికి రాగానే ఆయన కుర్చీ దాని పక్కకు లాగించుకుని మొదట చూసేది దాన్నే. ఆయన చేతిరాత ఆయనకు తెలియదా? పానా అలాగే పట్టుకుని చాలాసేపు మట్టిలో పడుకున్నాను. తర్వాత లేచి, చీర దులుపుకుని, బండి స్టార్ట్ చేశాను. మెల్లగా తోలదాం, ఈ విడత మందు కొట్టి గట్టెక్కితే చాలనుకున్నాను.

గట్టెక్కలేదు. నల్లరేగడి ఇంకా లోపల పచ్చిగా ఉంది. మందు నిండిన ట్యాంకు బరువుతో సాలు చివర మలుపు తిప్పేసరికి ఇంజను అరుస్తోంది, చక్రం కదలడం లేదు. పాత గోనె కాలినట్టు వాసన వచ్చింది. దిగి చూస్తే కింద సన్నగా పొగ. నా చుట్టూ మిర్చి చేను తెల్లటి పూతతో నిలబడి ఉంది. గట్టు మీద కూలబడి నోటికి తుండు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. మిర్చి పోతుందని కాదు. ఇప్పుడు ఇంటికెళ్ళి ఆయనకు ఏం చెప్పాలో తెలియక.

పక్క చేను ఆయన తన బండికి గొలుసు కట్టి మా బండిని ఇంటికి లాక్కొచ్చాడు. మిగతా చేనుకు మందు కూడా తనే కొట్టించాడు. మా ఆయన వాకిట్లో కుర్చీలో కూర్చుని బండి గొలుసుతో రావడం చూశారు. "ప్లేటు పాతదైపోయిందండీ. ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందే" అన్నాను. ఈసారి షోరూంకి ఫోన్ నేనే చేశాను.

షోరూం మెకానిక్కు మర్యాదస్తుడు. చెప్పులు వాకిలి బయట విడిచి వచ్చాడు, ఆయనకు నమస్కారం పెట్టాడు. కింద పడుకుని టార్చి వేసి చూసి, అక్కడినుంచే అన్నాడు.

"అమ్మా, దీన్ని ఎవరు బిగించారండీ? పెడల్‌కి ప్లే, అదే ఖాళీ, అసలు లేకుండా లాగేశారు. అందుకే కాలిపోయింది."

ఆయన కుర్చీ అక్కడికి రెండు బారల దూరంలో ఉంది. నేను గొంతు పెంచి "నేనేనయ్యా. నాకేం తెలుసు? ఆయన వదులు చేయమనే కొట్టారు, నేనే వినిపించుకోలేదు" అన్నాను. పనిలో పనిగా నన్ను నేను నాలుగు తిట్టుకున్నాను కూడా.

మెకానిక్కు టార్చి ఆర్పి బయటికి జరిగాడు. నేను తిరిగి చూశాను. మా ఆయన నన్నే చూస్తున్నారు. ఎన్నేళ్ళ కాపురం మాది. నేను అబద్ధం చెప్తే ఆయనకు తెలియకుండా ఎప్పుడుంది? చేతిలోని పానా తీసుకుని తన గుండె మీద కొట్టుకున్నారు. ఒకటి. మళ్ళీ ఒకటి. గట్టిగా. నేను పరుగెత్తి ఆ చెయ్యి పట్టుకున్నాను. పానా నా చేతిలో పెట్టేసి కళ్ళు మూసుకున్నారు.

ఆ తర్వాత ఆయన ఏమీ కొట్టలేదు. మంచం పక్కన పెట్టిన పానా పెట్టినట్టే ఉంది. నీళ్ళు కావాలన్నా అడగరు. నేను గ్లాసు నోటికి ఆనిస్తే తాగుతారు, లేకపోతే లేదు. అన్నం కలిపి పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు సీటు మీద కూర్చుని నేనన్న మాటే.

షోరూంవాళ్ళు తీసుకెళ్ళిన బండి సిద్ధమైందని కబురొస్తే అక్కడికి వెళ్ళాను. నన్నూ ఆ అద్దాల గదిలోనే కూర్చోబెట్టారు. అదే ఏసీ, ఎవరూ చూడని టీవీ. కాసేపటికి మెకానిక్కు వచ్చి కాలిపోయిన పాత ప్లేటు సంచిలో వేసి ఇచ్చాడు.

"కడ్డీ కూడా కొత్తదే వేశామమ్మా. చాలా చోట్ల బోల్టులే లేవండి. అవన్నీ వేసి బిగించాం. ఇప్పుడు కొత్త బండే అనుకోండి" అన్నాడు.

"ఏమన్నా మిగిలాయా బాబూ?" అని అడిగాను.

అతనికి అర్థం కాలేదు. "ఏం మిగలవమ్మా. దేనిది దానికి సరిపోతుంది" అన్నాడు.

టీ తెచ్చి ఇచ్చారు. తాగలేకపోయాను. ఏసీకి కళ్ళు మండుతున్నాయని చెప్పి కొంగుతో తుడుచుకున్నాను.

బండి ఇంటికొచ్చి గ్రానైటు బండ మీద నిలబడింది. నీళ్ళతో కడిగి మెరిపించారు. ఎక్కడా గ్రీజు మరక లేదు, ఎర్ర గీత లేదు. దసరాకు పెట్టిన బొట్లు కూడా పోయాయి. కుర్చీని బండి పక్కకు లాక్కెళ్ళి చూడండి అంటే ఆయన తల తిప్పుకున్నారు. చాలా రోజులు అలాగే గడిచాయి. మిర్చి బాగానే వచ్చింది. కల్లంలో ఎర్రగా పరిచి ఆరబెట్టాం. కూలీల మాటలు, ఘాటుకు తుమ్ములు, ఇల్లంతా సందడి. ఆయన మాత్రం ఆ సందడికి అవతలే ఉండిపోయారు. డాక్టరు మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఎవరి మీదో తెలియదు. ఆ రోజు వద్దు, తప్పు అని చెప్పి ఉంటే అప్పుడే పోయేది ఆ నమ్మకం. చెప్పకపోతే కాస్త ఆగి పోయింది. మళ్ళీ ఆ సీటు కింద పడుకోబెట్టినా నేను అదే చేస్తాను. ఆ ఒక్క పూట తన చేత్తో తిన్న అన్నం నాకు కనపడుతూనే ఉంటుంది.

ఒకరోజు ఎండ తగ్గాక, కల్లం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. టంగుమని శబ్దం. మొదట నమ్మలేదు. తిరిగి చూస్తే ఆయన వాకిట్లో కుర్చీలో, చేతిలో పానా. ఎప్పుడు తీసుకున్నారో. కుర్చీ చేతి ఇనుము మీద కొట్టింది ఆయనే. చూపు బండి మీద ఉంది.

ఒకటే కొట్టారు.

తడి కాళ్ళతోనే పరుగెత్తాను. బండెక్కి సీటు మీద కూర్చుని క్లచ్ తొక్కాను. మెత్తగా పోయింది. సరిగ్గా రెండు వేళ్ళ ఖాళీ, తర్వాత బరువు. మంచి పనివాళ్ళు చేసిన పని. నా కాలికి మాత్రం పరాయి బండి తొక్కుతున్నట్టే ఉంది. తొక్కి పట్టి ఆయన వైపు చూశాను. ఆయన నా కాలు వైపు చూస్తున్నారు. ఆ కళ్ళలో మళ్ళీ ఆ పాత చిట్లింపు, చెవి ఒగ్గి వినడం.

"బాగుందండీ" అన్నాను. "కొట్టండి, వదిలేస్తా."

ఆయన పానా ఎత్తారు. గాలిలోనే ఆపారు. దాని వైపు చూశారు, నా వైపు చూశారు. ఇప్పుడు ఒకటి కొట్టాలో రెండు కొట్టాలో, కొడితే తన చెయ్యి అంతటితో ఆగుతుందో లేదో ఆయనకు తెలియడం లేదు. తెలియడం లేదని ఆయనకే తెలుస్తోంది. నేను కింద లేను, ఎవరి వేళ్ళూ ఏ సందులోనూ లేవు. తప్పు కొట్టినా ఏమీ కాదు. ఆ మాట పైకి అనకుండా పెడల్ అలాగే తొక్కి పట్టుకున్నాను.

ఆయన ఆ పానాను మెల్లగా దించి, చప్పుడు కాకుండా, ఒళ్ళో చచ్చుబడ్డ కుడిచేతి పక్కన పెట్టేశారు.

కాలు వణకడం మొదలైంది. తొడ పట్టేసింది. ఆయన వేళ్ళు ఎక్కడున్నాయో నాకు కనపడుతూనే ఉంది. అయినా రెండు కొట్టలేదు కదా, కాలు తీయలేకపోయాను.